మరువకు కట్టిన తడిక

కరువు తీరి పెద్దచెరువు నిండింది. చేపపిల్లలు కొట్టుకుపోకుండా, చెరువులో మిగులు నీళ్లు పారే మరువకు అడ్డం కట్టిన తడికకు చెత్త పట్టి, బయటికి పారాల్సిన నీళ్లు కట్ట అంచుకు ఎక్కుతున్నాయి.

"మళ్లకే నీళ్లు సాలకుంటే చేపలేందప్పా?" అని ఏడాదిగా కొట్లాడుతున్న రైతు ఆదెన్న, తడిక కోయాలని పరుగెత్తాడు. ఆ చేపలు వదిలిన ఓబులేసు అప్పటికే తడిక దగ్గర రొమ్ములోతు నీళ్లలో మచ్చుకత్తి పట్టుకుని ఉన్నాడు.

"రావద్దన్నా! ఆడనే నిలబడు!"

"కట్ట తెగితే ఊరుంటాదా? నీకు చేపలే ఎక్కువైనాయా?" అంటూ ఆదెన్న నీళ్లలోకి దిగబోయాడు.

ఓబులేసు కత్తి ఎత్తాడు. ఆదెన్న కళ్లు మూసుకున్నాడు.

కత్తి తడికను కట్టిన తాడు మీద పడింది. తడిక విరిగి, చేపలతో సహా కొట్టుకుపోయింది.

మరువ రాతిని కరుచుకున్న ఓబులేసు అటు చూడలేదు. "ఈడ కాలు నిలవడం లేదు. నువ్వు కొట్టుకపోతావని రావద్దంటి గదన్నా" అన్నాడు.