ముందు చక్రం

వానలకు కొండ రోడ్లు తెగిపోయాక ఊరూరికీ మందులు సైకిళ్ల మీదే వెళ్తున్నాయి. గండి వస్తే ముందు చక్రం గాల్లోకెత్తి, వెనక చక్రం మీదే దాటాలి. మాట్లాడుతూ అది నేర్పే యంత్రం, తూగుబల్ల, ఇప్పుడు ప్రతి వాకిట్లోనూ ఉంది. సైకిలు దానికి బిగించి ఎక్కుతారు.

పది లెక్కపెట్టేదాకా చక్రం నిలిపితేనే నర్సు ఉద్యోగం. పరీక్ష రేపే. మా కోడలు దేముడమ్మకు మూడు దాటడం లేదు.

"వెనక్కి వాలండి," అంది బల్ల.

"వాలితే పడిపోనేటి?" అని బల్లనే కసిరింది.

ఆమె మెడ చూశాను. చిన్నప్పటి నుంచి నీళ్లు మోసిన మెడ, కర్రలా నిలిచి ఉంది.

"నెత్తి మీద బిందుందేటమ్మా?" అన్నాను.

"ఏటి మావా?"

"బిందె మోస్తన్నట్టు కూకున్నావు. దించీ."

ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే హ్యాండిలు పట్టుకున్న చేతులు చాచి వెనక్కి వాలింది. చక్రం లేచింది. బల్ల పన్నెండు దాకా లెక్కపెట్టింది.

"పడకుండా ఆపే ఈ పట్టీ ఇప్పీ మావా. రేపు కొండ మీద ఎవుడు కడతాడు?"

విప్పాను. మళ్లీ వాలింది. పడలేదు. మా ఇంట్లో అంత నిబ్బరంగా కూర్చున్న మనిషిని నేనెన్నడూ చూడలేదు.