లైట్‌హౌస్ దగ్గర పెళ్లిచూపులు

లియమ్ ముత్తాతకు ముత్తాత ఒక గొర్రెను దొంగిలించాడు.

ఆ సంగతి దాచుకోవాల్సింది పోయి, కాబోయే అత్తగారు చాముండేశ్వరిని పాయింట్ కుక్ అనే ఊరి నుంచి టాస్మానియా దీవికి విమానమెక్కించి, ఆ కాలంలో ఇలాంటి నేరాలకే ఓడల్లో ఇక్కడికి పంపేసిన ఖైదీలు కట్టిన లైట్‌హౌస్ ముందు నిలబెట్టి మరీ చూపించాడు లియమ్ మహానుభావుడు. గోడ రాయి మీద దొంగగారు చెక్కుకున్న పేరు కూడా ఉంది. లియమ్ దాన్ని కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

అతని ఇంగ్లీషునంతా కాబోయే పెళ్లికూతురు అమూల్య తెలుగులో చెప్పగానే తల్లి ఆమెను పక్కకు లాగింది.

"వాళ్ల ఇంట్లో దొంగ ఉన్నాడే!"

"రెండొందల ఏళ్ల కిందటమ్మా! లియమ్ నర్స్. తనకి పార్కింగ్ ఫైన్ కూడా పడలేదు."

"రక్తం ఎక్కడికి పోతుంది? ఈ పెళ్లి జరగదు. అంతే."

అమూల్య కళ్లు తుడుచుకుంటూ కారు వైపు నడిచింది. లియమ్ ఆమె వెనకే వెళ్లాడు.

చాముండేశ్వరి గొణుక్కుంటూ లైట్‌హౌస్ చుట్టూ తిరిగింది. మెట్లు ఊడుస్తున్న కుర్రాడు తలెత్తాడు. ఒంటి మీద మెరిసే నారింజ రంగు కోటు.

"జాగ్రత్తండీ ఆంటీ, అక్కడ జారుద్ది."

తెలుగు! చీపురు ఆగిన చోటే పెళ్లిచూపులు మొదలయ్యాయి. పేరు శ్రీకర్. ఊరు తణుకు. పెళ్లి కాలేదు.

"ఇక్కడేం పని బాబూ?"

"ఊడవడం, రంగులెయ్యడం అండీ. శనివారాలే."

"గవర్నమెంటుదేనా?"

"గవర్నమెంటే పంపిందండీ. వాళ్లే వ్యాన్‌లో తీసుకొచ్చి, వాళ్లే దింపుతారు."

"జీతమో?"

"ఏమీ ఇవ్వరండీ." శ్రీకర్ తల దించుకున్నాడు.

పాత కట్టడాల మీద ప్రేమతో ఉచిత సేవ! పైగా ఎంత అణకువ! చాముండేశ్వరి పొంగిపోయి ఫోన్‌లో అమూల్య ఫొటో తీసి అతని ముఖం ముందు పెట్టింది.

"ఆంటీ, ముందు మీకో విషయం చెప్పాలి..."

"ఏం చెప్పక్కర్లేదు. నీ ముఖంలోనే తెలుస్తోంది నాయనా, పరువుగల ఇల్లని." ఆమె కారు వైపు తిరిగి కేకేసింది. "అమూల్యా! ఇలా రా, సంబంధమంటే ఎలా ఉండాలో చూద్దువుగాని!"

అమూల్య వచ్చేసరికి తెల్ల వ్యాన్ పక్కనున్న ఆఫీసరు ఇంగ్లీషులో ఏదో అరిచాడు. శ్రీకర్ చటుక్కున అటు పరుగెత్తాడు.

"చూశావా, పిలిస్తే ఎంత వినయంగా వెళ్లాడో! ఏమంటున్నాడే ఆయన?"

అమూల్య తీరిగ్గా ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. "'కోర్టులో శిక్ష పడ్డవాళ్లంతా చీపుర్లు లోపల పెట్టి వ్యాన్ ఎక్కండి' అంటున్నాడమ్మా."