ఇబ్బందేమీ లేదు

నల్లపాడు స్టేషన్ రోడ్డులో ఖుర్షిదా నడిపే ఆన్‌లైన్ సెంటర్‌లో కంప్యూటర్ ఆ రోజు మూడోసారి బిగుసుకుపోయింది.

"నీ దుంప తెగ! కదలవే!" మౌస్‌ని బల్లకేసి కొట్టింది ఖుర్షిదా.

ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని ఉంది కొండమ్మ. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. కూతురి నర్సింగ్ కాలేజీ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. సాయంత్రం అయిదుకల్లా పంపెయ్యాలి.

"అయిందా అమ్మా?"

"ఎక్కడ! పాత సిస్టమ్ పదేళ్లు వాడాను, ఒక్కనాడూ మొరాయించలేదు. దాన్ని పీకేసి, మాకు సెంటర్లిచ్చిన సంస్థవాళ్లు ఈ కొత్తది తగిలించారు. ఇదిగో చూడు, 'భద్రపరచు' పక్కనే 'పరిహరించు'. రెండు బటన్లూ ఒకే రంగు, ఒకే సైజు. పరిహరించు అంటే ఏంటో తెలుసా నీకు?"

"దోషం పోగొట్టటమా?"

"చెరిపెయ్యటం! అది నొక్కామా, కొట్టిందంతా గంగపాలే."

గోడవారగా బెంచీ మీద ఒకావిడ కూర్చుని వింటోంది. యాభై దాటి ఉంటాయి. నేత చీర, భుజానికి సంచి. ఆధార్ జిరాక్స్ కోసమని మధ్యాహ్నం వచ్చింది. జిరాక్స్ తీసిచ్చి మూడు గంటలైనా కదల్లేదు. ఎండగా ఉంది, కాసేపు కూర్చుంటానంది.

తెర మళ్లీ వెలిగింది.

ఖుర్షిదా గబగబా పేరు, ఊరు, మార్కులు కొట్టింది. గోడ గడియారంలో నాలుగూ నలభై. 'భద్రపరచు' అనుకుని నొక్కింది.

తెరంతా ఖాళీ.

"యా అల్లా! పక్కది నొక్కాను!"

కొండమ్మ మొహం పాలిపోయింది. "పోయిందా? మళ్లీ కొట్టటానికి టైముందా అమ్మా?"

ఖుర్షిదా కళ్లలో నీళ్లు తిరిగాయి.

బెంచీ మీది ఆవిడ లేచి వచ్చింది. "ఏమీ ముట్టుకోకండి. ఒక్క నిమిషం."

వంగి, కీబోర్డు మీద మూడు కీలు కలిపి నొక్కింది. తెర మీద ఖుర్షిదా ఎప్పుడూ చూడని పెట్టె ఒకటి తెరుచుకుంది. కొట్టిన దరఖాస్తు అక్షరం పోకుండా అందులో ఉంది.

నాలుగూ యాభై రెండుకి దరఖాస్తు వెళ్లిపోయింది.

"నీ కడుపు చల్లగుండ, తల్లీ!" కొండమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

ఖుర్షిదాకి మాత్రం అనుమానం మొదలైంది. హెల్ప్‌లైన్‌కి వందసార్లు ఫోన్ చేసినా ఎవరూ చెప్పని కిటుకు ఈవిడకెలా తెలుసు?

ఆవిడ సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

"ఈ సిస్టమ్‌తో మీకు ఏమేం ఇబ్బందులున్నాయో చెప్తారా అమ్మా? రాసుకుంటాను. కింద మీరు సంతకం పెడితే చాలు."

సంతకం అనగానే ఖుర్షిదా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

దాచేపల్లి సెంటర్ ముదస్సిర్ కిందటి నెల ఇలాగే, ఈ సిస్టమ్‌తో పడలేకపోతున్నానని సంస్థకి రాసిచ్చాడు. వారం తిరక్కుండా, పని రానివాడని అతని సెంటర్ వేరేవాళ్లకి ఇచ్చేశారు. అప్పట్నుంచి సంస్థవాళ్లు మామూలు మనుషుల్లా వచ్చి కనిపెడుతున్నారని సెంటర్లన్నిట్లోనూ ఒకటే గుసగుసలు.

"ఇబ్బందా? ఇబ్బందేమీ లేదండి," అంది ఖుర్షిదా.

ఆవిడ తెల్లబోయింది. "మరి ఇందాక..."

"నాదే పొరపాటండి. చెయ్యి జారింది."

"అదేంటమ్మా! వచ్చిన కాణ్ణుంచీ తిడతానే ఉన్నావుగా. చెప్పు!" అంది కొండమ్మ.

"నువ్వూరుకో కొండమ్మా!"

"ఆ రెండు బటన్లూ పక్కపక్కన..." అడగబోయింది ఆవిడ.

"అలవాటైపోయిందండి. చాలా బాగుంది."

"హ్యాంగ్ అవ్వట్లేదా?"

"లేదండి."

ఆ మాట అంటూండగానే తెర మళ్లీ బిగుసుకుపోయింది. ముగ్గురూ చూశారు.

ఆవిడ పుస్తకం మూసింది. చిన్న కాగితం మీద ఆ మూడు కీల పేర్లు రాసి బల్ల మీద పెట్టింది.

"ఈసారి పోతే ఇవి నొక్కండి. వస్తానమ్మా."

గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది ఖుర్షిదా.

పది రోజులకి సంస్థ సూపర్‌వైజర్ శ్యామ్ సుందర్ వచ్చాడు. ఎంతైనా తెలిసిన మనిషి. ఖుర్షిదా ఉండబట్టలేకపోయింది.

"ఆ రెండు బటన్లైనా మార్పించండి సార్. చచ్చిపోతున్నాం."

"ఇంకెక్కడి మార్పమ్మా! సోమవారం మీటింగ్‌లో తేల్చేశారు. మూడేళ్ల దాకా ఇదే. ఫిర్యాదు ఒక్కటీ లేదట."

"అదేంటి సార్? మీరు ఇన్‌స్పెక్షన్‌కి పంపినావిడ కళ్లారా చూసిందిగా!"

"మేమెవర్నీ పంపలేదే?"

"నేత చీర కట్టుకుని, సంచి, నోటుపుస్తకం..."

శ్యామ్ సుందర్ హెల్మెట్ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"సులోచన గారు. ఈ సిస్టమ్ చేసిన కంపెనీలోనే ఉద్యోగం. ముదస్సిర్ సంగతి తెలిసి, తప్పు అతనిది కాదు, మనదేనని పైవాళ్లతో గొడవపెట్టుకుంది. పని రానివాడి మాట లెక్కలోకి రాదు, ఇంకెవరైనా సంతకం పెట్టిన ఫిర్యాదు ఒక్కటి పట్టుకురమ్మన్నారు. సెలవు పెట్టి, బస్సుల్లో ఇరవై మూడు సెంటర్లు తిరిగింది."

"ఒక్కటీ దొరకలేదా?"

"ఒక్కటీ దొరకలేదు. మన తరఫున అక్కడ మాట్లాడే మనిషి ఆవిడొక్కతేనమ్మా. లేని గొడవలు సృష్టిస్తోందని మీటింగ్ అయ్యాక ఆవిణ్ణీ తీసేశారు."