పైగడి, పక్కగడి

“పైగడి కూడా పడిందా?” అంది అంకమ్మ.

“పడింది,” అన్నాడు రంగనాయకులు.

“లాగి చూశారా?”

రంగనాయకులు ముందు సీటు మీదుగా వంగి, ఆ చిన్న విమానం తలుపుని ఒకసారి నెట్టి, ఒకసారి లాగి చూశాడు. ఉన్నది ఒక్కటే తలుపు, కుడిపక్క. వాళ్ళని ఎక్కించిన జెన్నిఫర్ అనే అమ్మాయి, దానికి పక్కన ఒక గడి, పైన ఒక గడి ఉంటాయని, రెండూ పడితేనే తలుపు పడ్డట్టని, ఒక్కటే పడితే గాల్లోకి లేచాక తెరుచుకుంటుందని నవ్వుతూ చెప్పి, టికెట్ల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

కిందటేడు నందివెలుగు మలుపులో అంకమ్మ కారులోంచి జారి కింద పడింది. తలుపు సరిగ్గా పడలేదు. భుజం ఎముక అతుక్కుంది గానీ, ధైర్యం అతుక్కోలేదు. అప్పట్నుంచి కారెక్కదు, బస్సెక్కదు. రేపల్లెలో చెల్లెలి మనవరాలి ఓణీల వేడుకకి కూడా వెళ్ళలేదు. ఈ ఉదయం వేమూరు నుంచి బాపట్ల దాకా స్కూటరు మీదే వచ్చింది. తలుపే లేని బండికి తలుపు ఊడే భయం లేదని ఆమె వాదన.

సముద్రం మీద ఒక చుట్టు తిప్పి తెచ్చే విమానం వచ్చిందని వింటే, ఎక్కుతానన్నదీ ఆమే. “దీంట్లో కూర్చోగలిగితే ఇంక కారు ఓ లెక్కా?” అంది. అందుకే ఆమె ఎన్నిసార్లు లాగమంటే రంగనాయకులు అన్నిసార్లూ లాగుతున్నాడు.

ముందు ఎడమ సీట్లో తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లతో ఒకాయన కూర్చునున్నాడు. ఎదురుగా బోలెడు మీటర్లు. కుడి సీటు ఖాళీ.

“డ్రైవరు ఎడంపక్క కూర్చున్నాడేంటి?” అంది అంకమ్మ గొంతు తగ్గించి.

“విమానాలకి అంతే,” అన్నాడు రంగనాయకులు, రోజూ ఎక్కేవాడిలా.

ఆమెకి తృప్తి కలగలేదు. “సార్, ఈ తలుపు ఎప్పుడైనా ఊడిందాండి?”

ఆయన ఒక చెవి మీది హెడ్‌ఫోను పక్కకి జరిపాడు. “నాకు తెలిసి ఎప్పుడూ లేదమ్మా.”

“మీకు భయం వెయ్యదాండి?”

“ఎందుకు వెయ్యదమ్మా. అంతా ఆ ప్రభువు దయ.”

ఆ జవాబు రంగనాయకులికి అంతగా నచ్చలేదు. అంకమ్మకి నచ్చింది. భయమున్న మనిషి చేతులు జాగ్రత్తగా ఉంటాయంది.

బయట పసుప్పచ్చ కోటు వేసుకున్న మనిషొకడు విమానం చుట్టూ తిరుగుతున్నాడు. టైర్లని కాలితో నొక్కాడు. రెక్కని ఊపాడు. తోక దగ్గర వంగి చూశాడు.

“క్లీనరు,” అన్నాడు రంగనాయకులు. “మన లారీలకి ఉండడూ, అట్లాగే.”

క్లీనరు చేతులు దులుపుకుని, రెక్క మీదికెక్కి తలుపు పిడి తిప్పాడు. తలుపు రాలేదు. మళ్ళీ తిప్పాడు. అద్దం మీద కొట్టాడు.

“ఖాళీ సీటు చూసినట్టున్నాడు,” అన్నాడు రంగనాయకులు. “పాపం, రోజూ తుడిచేవాడు. ఒక్క చుట్టు తిరుగుదామని ఉండదా?”

“ఉంటే ఉండనివ్వండి. ఒకసారి తీస్తే మళ్ళీ పైగడి పడుద్దని నమ్మకమేంటి?” అని అంకమ్మ ముందుకి వంగింది. “సార్, తియ్యాలాండి?”

“మీరెట్లా అంటే అట్లానేనమ్మా.”

“విన్నారా? సారే అన్నారు.”

బయటాయన ఏదో అరుస్తున్నాడు. ఒక్క ముక్క లోపలికి రావడం లేదు. అది గమనించి అంకమ్మ మొహం విప్పారింది. మాట కూడా దూరనంత గట్టిగా పడిందన్నమాట తలుపు. ఎక్కినప్పట్నుంచి పట్టుకున్న మొగుడి మణికట్టు వదిలేసింది. రంగనాయకులికి ప్రాణం లేచొచ్చింది. రేపు కార్లో రేపల్లె వెళ్ళొచ్చు.

బయటాయన టోపీ తీసి చూపించాడు. తనని చూపించుకున్నాడు, ఆకాశాన్ని చూపించాడు, ఆఖరికి దణ్ణం పెట్టాడు. రంగనాయకులు జాలిపడి, తర్వాత చూద్దాంలే అన్నట్టు చెయ్యి ఊపాడు. దూరం నుంచి జెన్నిఫర్ కూడా పరిగెత్తుకొస్తోంది.

“ఈ పిల్లక్కూడా సీటు కావాలేమో,” అంది అంకమ్మ. కొంగు బొడ్లో దోపుకుని, వెనక్కి ఆనుకుని కుదురుగా కూర్చుంది. “ఇంక పోనివ్వండి సార్. నాకేం భయం లేదు.”

ముందాయన హెడ్‌ఫోన్లు పూర్తిగా తీసి, వెనక్కి తిరిగి, ఇద్దర్నీ అయోమయంగా చూశాడు.

“నేనూ టికెట్టు కొనుక్కునే ఎక్కానమ్మా.”