శుక్రవారం బామ్మగారు

బామ్మగారు మీట నొక్కలేదు.

"నొక్కండి బామ్మగారూ, కరవదు," అన్నాడు డిజైనరు.

"నొక్కితే ఏమవుతుంది బాబూ?"

"మీ ఫోనులో ఉన్నవాళ్ళ పేర్లన్నీ మా సైటులో చేరతాయి. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారో కనిపిస్తుంది."

"ఎవరికి కనిపిస్తుంది?"

"అందరికీ."

"ఇందులో కుళాయి బాగుచేసే అతనున్నాడు. పళ్ళ డాక్టరున్నాడు. వాళ్ళనడక్కుండా వాళ్ళ సంగతి చాటడానికి నేనెవర్ని?"

డిజైనరు తల గోక్కుని, కాగితం మీద 'మళ్ళీ ఇక్కడే ఆగింది' అని రాసుకున్నాడు.

అప్పట్లో ఆ కంపెనీ ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. మెట్లెక్కుతుంటేనే తోలు వాసన. నలుగురు మనుషులు, మూడు మంచి కుర్చీలు, ఒక కుంటి కుర్చీ. మధ్యాహ్నం ఎండకు తెర కనబడకపోతే కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ అట్టముక్క చాటున కూర్చుని, లోకంలో ఉన్న మనుషులందర్నీ ఒకచోటికి చేర్చేస్తామని నమ్మే వయసు. ఎంత బాగుండేవో ఆ రోజులు.

ప్రతి శుక్రవారం బయటివాళ్ళను పిలిచి, సైటు వాడించి, ఎక్కడ తడబడుతున్నారో రాసుకునేవాళ్ళు. డిజైనరు పేరుతో గ్రంథాలయం గోడకు అంటించిన కాగితం చూసి వచ్చింది బామ్మగారు. పిలవని శుక్రవారం కూడా వచ్చేది. వస్తూనే "తిన్నావా బాబూ? చిక్కిపోయావు," అనేది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టేది.

డిజైనరుకు ఆ మీట ప్రాణం. దాన్ని పెట్టిందే వాళ్ళక్క కోసం.

బావ చెయ్యిచేసుకునే మనిషి. అక్క మొదటిసారి ఇల్లు వదిలి స్నేహితురాలి దగ్గర తలదాచుకుంటే, బావ వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. జాలిపడి చిరునామా చెప్పేసింది తమ్ముడే. అప్పుడతనికి పదహారేళ్ళు, నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఆ వారమే అక్క చెయ్యి విరిగింది. రెండోసారి వెళ్ళేటప్పుడు అక్క ఎవరికీ చెప్పలేదు. ఐదేళ్ళుగా జాడ లేదు. ఎవరో ఒకరి ఫోనులో అక్క నంబరు ఉండకపోదు, వాళ్ళు ఈ మీట నొక్కకపోరు. అక్క దొరికితే చాలు, ఆ తప్పుకు కాళ్ళావేళ్ళా పడైనా క్షమించమనాలనుకున్నాడు.

ఒక శుక్రవారం బామ్మగారు కొత్త ప్రశ్న వేసింది.

"ఒక్కరికి మాత్రమే కనిపించేలా పెట్టలేవా బాబూ?"

"ఒక్కరికా? అలా ఎవరడుగుతారు బామ్మగారూ?"

"అడిగేవాళ్ళుంటారు."

"మంచివాళ్ళకు దాచుకోవడానికి ఏముంటుంది చెప్పండి. అందరికీ తెలిస్తేనే కదా, తప్పిపోయినవాళ్ళు దొరికేది."

బామ్మగారు అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"దొరకడం వాళ్ళకిష్టమో కాదో కనుక్కోవా?"

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. తగిలినచోటే కోపం కూడా వచ్చింది.

"మీరిక శ్రమపడి రాకండి. కుర్రవాళ్ళను పిలుచుకుంటాం," అన్నాడు.

ఆవిడ కుర్చీని బల్ల కిందికి జరిపి, "వేళకు తిను బాబూ," అని, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది. డిజైనరుకు చెవిలో జోరీగ వదిలినట్టయింది.

సైటు మొదలైంది. మొదటి నెల జనం విరగబడ్డారు. రెండో నెల నుంచి ఫిర్యాదులు. ఒకావిడ వేరే ఉద్యోగం వెతుక్కుంటున్న సంగతి యజమానికి తెలిసిపోయింది. ఒకాయన ఏ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడో అత్తవారింట్లో అందరికీ తెలిసిపోయింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. రెండేళ్ళకు చెప్పుల దుకాణం వాళ్ళే ఆ గదులు తీసుకుని పెట్టెలు పేర్చుకున్నారు.

అక్క మాత్రం దొరకలేదు.

అతను ఇంకోచోట పనిలో చేరాడు. ఏ మీట గీసినా 'ఎవరికి కనిపిస్తుంది' అని ముందు తనను తనే అడిగేవాడు. ఒకసారి బామ్మగారిని కలిసి రావాలనుకున్నాడు కానీ, ఇన్ని శుక్రవారాల్లో ఆవిడ పేరైనా సరిగ్గా రాసుకోలేదు.

సైటు మూతపడి పదేళ్ళు గడిచాక, ఒక ఆదివారం ఉదయం తలుపు తీస్తే ఎదురుగా అక్క. జుట్టు సగం నెరిసింది. బావ పోయాడన్న కబురు తెలిసి, ఇక భయం లేదని వచ్చింది. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి ఏడ్చారు. తర్వాత కూర్చుని టీ తాగుతూ, అన్నేళ్ళ కబుర్లూ ఒకేసారి చెప్పుకోబోయి నవ్వుకున్నారు.

"నీకోసమే ఆ సైటు పెట్టానక్కా. అందరూ మీట నొక్కారు, ఒక్క బామ్మగారు తప్ప. ఎంత బతిమాలినా నొక్కలేదు. ఆవిడ చెప్పిందే నిజమైంది. ఎక్కడుందో తెలిస్తే వెళ్ళి క్షమించమని అడగాలి."

అక్క కప్పు కింద పెట్టింది.

"పోయినేడు పోయారురా," అంది.

అతనికి అర్థం కాలేదు.

"ఇన్నేళ్ళూ నేను తలదాచుకున్నది ఆవిడింట్లోనే. గ్రంథాలయం గోడమీది కాగితంలో నీ పేరు చూసి, నువ్వెలా ఉన్నావో చూసి రమ్మని, నిన్ను నమ్మి నీ ఒక్కడికే కబురు చెప్పొచ్చో లేదో కనుక్కోమని, శుక్రవారం శుక్రవారం ఆవిడను పంపింది నేనేరా."