రెండు గంటల ఎడం

"అమ్మా, నా మందులేవే?"

పొద్దున్నే శ్రవణ్ వేసే ఈ కేక మాదన్నపేటలో సగం గల్లీకి వినిపిస్తుంది.

తల్లి సుశీలమ్మ వంటింట్లోంచి వస్తుంది. ఒక చేతిలో రక్తం పెరగడానికి ఐరన్ మాత్ర. ఇంకో చేతిలో, మూతలో పోసిన గులాబీ రంగు గ్యాస్ మందు. శ్రవణ్ గడపలో నిలబడి, పాల కోసం వచ్చినవాళ్లంతా చూస్తుండగా మాత్ర నోట్లో వేసుకుంటాడు. వెంటనే గ్యాస్ మందు తాగేస్తాడు. మంచం మీంచి అమల మొగుణ్ణి కళ్లనిండా చూసుకుంటుంది. తన కోసమే కదా ఈ తిప్పలన్నీ.

అమల రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. శ్రవణ్ కిడ్నీ సరిపోతుందని తేలిన రోజు బస్తీ అంతా పండగ చేసుకుంది. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, ఆపరేషన్ కాకముందే బోనాల కమిటీ వాళ్లు అతనికి శాలువా కప్పేశారు. కూరగాయల మార్కెట్ మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. పాల సెంటర్ నడుపుకునే మనిషి ఒక్కరోజులో దేవుడైపోయాడు.

అమల అక్క ఇంద్రజ, "నాది గూడ సరిపోతదన్నరు మరిదీ, నేనిస్త," అంటే శ్రవణ్ ఒప్పుకోలేదు.

"మొగుణ్ణి నేనుండంగ నువ్వెందుకొదినె?" అన్నాడు.

తీరా అడ్డం పడింది అతని రక్తమే. హిమోగ్లోబిన్ తక్కువుందని, అది పెరిగితేనే ఆపరేషనని డాక్టరు ఐరన్ మాత్రలు రాశాడు. నెలలు గడిచాయి. శ్రవణ్ పాలకూర తిన్నాడు, బీట్‌రూట్ తిన్నాడు, ఖర్జూరాలు తిన్నాడు. రక్తం ఉన్నచోటే ఉంది. "ఏం జెయ్యాలె, నా ఒళ్లే గింత," అని అడిగినవాళ్లందరి దగ్గరా వాపోయాడు. ఇక్కడ అమల రోజురోజుకూ నీరసించిపోతోంది. కాళ్ల వాపు దిగడం లేదు. ఇంకా ఆగితే కష్టమని డాక్టరు మొన్ననే తెగేసి చెప్పాడు.

చెల్లెల్ని చూడ్డానికి వచ్చిన ఇంద్రజ ఆ పొద్దున ఈ మందుల తంతు చూసింది.

"ఏంది అత్తమ్మా, రెండూ ఒక్కపారే ఇస్తున్నవ్? నాకూ గదే మాత్ర రాసిండ్రు అప్పట్ల. గ్యాస్ మందుకూ దానికీ రెండు గంటలన్న ఎడం ఉండాలె. లేకుంటే మాత్ర ఒంటికి పట్టదు."

సుశీలమ్మ ఖాళీ మూత తీసుకుని వంటింటి వైపు తిరిగింది. ఇంద్రజ ఊరుకునే మనిషి కాదు. అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"అది మొదటిరోజే చెప్పినం కదమ్మా," అంది నర్సు. "డాక్టర్ సారే మీవాళ్లను కూసోబెట్టి మల్ల మల్ల చెప్పిండు."

ఆ మొదటిరోజు అమల డయాలసిస్ మీద ఉంది. డాక్టరు గదిలోకి వెళ్లింది తల్లీకొడుకులే.

శ్రవణ్ మొహం జేవురించింది.

"నాకు యాదుండదనే గద అమ్మా, మందులు నీ చేతుల పెట్టిన! కొడుకు కిడ్నీ పోతదని గిట్ల చేసినవా?"

సుశీలమ్మ కాదనలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

అమల అత్త చేతుల వైపు చూసింది. ఈ చేతులే కదా తనకు జావ కాచి తాగించాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ ఈ చేతులే కదా కాళ్లు పట్టాయి. కన్నతల్లి కంటే ఎక్కువనుకుంది. నమ్మించి గొంతు కోసిందని వెక్కి వెక్కి ఏడ్చింది.

శ్రవణ్ భార్య తల నిమిరాడు.

"ఏడ్వకు. రేపటి సంది నా మందులు నేనే చూస్కుంట. ఇంకొన్ని దినాలు ఓపిక పట్టు."

తర్వాత తల్లి వైపు తిరిగాడు. "నువ్వు జహనుమ బస్తీల ఉన్న చెల్లె ఇంటికి పో. నా కండ్ల ముందల ఉండకు."

లొల్లికి గల్లీలో జనం పోగయ్యారు. ఎంత మంచి మొగుడని కొందరు, ఎంత పాపిష్ఠి అత్తని కొందరు.

సుశీలమ్మ నాలుగు చీరలు సంచిలో కుక్కుకుంది. శ్రవణ్ ఆటో తేవడానికి మలుపు దాకా వెళ్లాడు. అమల గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది.

"నిన్ను అమ్మ లెక్క చూసిన అత్తమ్మా. నేనేం పాపం చేసిన్నని నన్ను సంపాలనుకున్నవ్?"

సుశీలమ్మ మలుపు వైపు ఒకసారి చూసి, కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యాల్నే మీ అక్కను తోల్కొని దవాఖానకు పో బిడ్డా, కిడ్నీ ఇయ్యనంటే నలుగుర్ల ఇజ్జత్ పోతదని, ఆ రెండూ కలిపి ఇయ్యుమని నా కాళ్లు పట్టుకున్నది నీ మొగుడే."