కెజియా తొలి సాక్ష్యం

ఆ డిసెంబరు సాయంత్రం ఇంట్లో దీనమ్మ, ఆమె మనవరాలు కెజియా, ఇంటి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు ఉన్నారు. అందరిళ్లలో లాగే గోడకు, ప్రతి మాటకూ ఆధారం వెతికే నిజాలపెట్టె కూడా ఉంది.

"ప్రభువు నా దగ్గు తీసేశాడు," అని దీనమ్మ సాక్ష్యం చెప్పింది.

"ఆధారం లేదు. మిరియాల కషాయం తాగారు," అంది పెట్టె.

"ఆ మిరియాలు పుట్టించిందెవరే?"

పాస్టరుగారు శాలువా చాటున నవ్వుకున్నారు.

తర్వాత వంతు కెజియాది. నలుగురిలో నోరు విప్పడం ఆ పిల్లకు అదే మొదటిసారి.

"పరీక్షరోజు ప్రార్థన చేశాను. నా వణుకు పోయింది..."

"ఇప్పుడు వణుకుతున్నారు," అంది పెట్టె.

కెజియా చతికిలబడింది.

"అది చలికే!" అంటూ దీనమ్మ పెట్టెను ఊడబెరికి మనవరాలి చేతుల్లో పెట్టి, ఇద్దరినీ మంచు పడుతున్న వసారాలోకి నెట్టింది.

"ముందు దీన్ని నమ్మించు. తర్వాత మేం వింటాం!" అని తలుపేసేసింది.